పది లక్షల పనిగంటలకు ఎన్ని ప్రమాదాలు? ఐదు నిర్మాణ సైట్లను పోల్చిన నా అనుభవం

హైదరాబాదు పశ్చిమ శివార్లలో బహుళ అంతస్తుల నివాస భవనాలు కట్టే ఒక సంస్థలో నేను భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా మార్చి ముగిశాక మా ఐదు సైట్ల ప్రమాదాల రేట్లను పక్కపక్కన పెట్టి, అన్నిటికన్నా తక్కువ రేటు వచ్చిన సైటుకు బహుమతి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీగా ఉండేది. ప్రాజెక్టు మేనేజర్ల వార్షిక మదింపులోనూ ఆ రేటుకు కొన్ని మార్కులు కేటాయించారు. ఆ పట్టిక తయారుచేసే బాధ్యత నాకు అప్పగించే నాటికే ఐదు సైట్ల నుంచి ఐదు అంకెలు వచ్చి ఉన్నాయి: రెండు సున్నాలు, ఒక 0.4, ఒక 1.1, ఒక 4.8. వాటిని వరుసగా పేర్చి పంపితే పని అయిపోయేది. అయితే ఏడాది పొడవునా ఆ సైట్లకు వెళ్ళివస్తున్న నాకు, సున్నా వచ్చిన చోట పరంజా మీద పని జరిగే తీరులోనూ, 4.8 వచ్చిన చోట జరిగే తీరులోనూ అంతటి తేడా ఎన్నడూ కనిపించలేదు. అందువల్ల ఒక్కొక్క అంకె ఎలా పుట్టిందో మొదటి నుంచి చూడాలని నిర్ణయించుకుని, అందుకు కావలసిన గడువును పై అధికారిని అడిగి తీసుకున్నాను.

సూత్రం చాలా చిన్నది. మన దేశంలో దీనికి ఆధారం 1983 నాటి ఐఎస్ 3786 అనే భారతీయ ప్రమాణం. పని కోల్పోయేంతటి గాయాల సంఖ్యను పది లక్షలతో గుణించి, కార్మికులంతా కలిసి పనిచేసిన మొత్తం గంటలతో భాగిస్తే ఫ్రీక్వెన్సీ రేటు వస్తుంది. గాయాల సంఖ్యకు బదులు గాయాల వల్ల పోయిన పనిదినాలను పెట్టి అదే లెక్క చేస్తే సివియారిటీ రేటు వస్తుంది. గంటల లెక్క దొరకనప్పుడు వెయ్యిమంది కార్మికులకు ఇన్ని గాయాలని ఇన్సిడెన్స్ రేటు చెప్పుకుంటారు. పైన ఒక సంఖ్య, కింద ఒక సంఖ్య, అంతే. ఐదు సైట్లలోనూ ఈ సూత్రం అందరికీ కంఠస్థమే. పైన ఏది వేయాలో, కింద ఏది వేయాలో మాత్రం ఏ ఇద్దరూ ఒకే విధంగా అనుకోవడం లేదని పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే తేలిపోయింది.

మొదట తేలినది 0.4 సంగతి. ఆ సైటు సేఫ్టీ ఆఫీసర్ కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ వెళ్ళి, అమెరికన్ కన్సల్టెంట్ల పర్యవేక్షణలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన అనుభవజ్ఞుడు. అమెరికాలో ఈ రేటును పది లక్షల గంటలకు కాక రెండు లక్షల గంటలకు చెబుతారు. వందమంది కార్మికులు వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు పనిచేస్తే అయ్యే గంటలవి. ఆయన అలవాటైన పద్ధతిలోనే లెక్క వేశారు, తప్పు లేకుండా వేశారు. దానిని మన పద్ధతికి మార్చాలంటే ఐదుతో గుణించాలి కనుక 0.4 కాస్తా 2.0 అయింది. రెండు సున్నాల తరువాత నిలిచిన ఆ సైటు, 1.1 వచ్చినదానికన్నా కిందికి దిగింది. ఇందులో కష్టమేమీ లేదు; రేటు పక్కన అది ఎన్ని గంటలకో రాయమని చెబితే ఈ చిక్కు ఇక రాదు.

అసలు కష్టం పనిగంటల దగ్గర మొదలైంది. ప్రమాదాలను దాచిపెడతారని అందరూ అంటారు గానీ, భాగించే సంఖ్య గురించి అడిగేవారు అరుదు. ఒక సైటులో గేటు దగ్గర మిషన్ లెక్కపెట్టిన తలలను పన్నెండు గంటలతో గుణించారు. ఆ తలల్లో ఫ్లాట్లు చూడడానికి వచ్చినవారు, ఇసుక లారీల డ్రైవర్లు, సేల్స్ ఆఫీసు సిబ్బంది కూడా ఉన్నారు. మరో సైటులో సబ్‌కాంట్రాక్టర్లు ఇచ్చిన మస్టర్లను, అంటే హాజరు పట్టీలను, యథాతథంగా కూడారు. ఆ మస్టర్లలో ప్రతి మనిషికీ ప్రతిరోజూ సరిగ్గా ఎనిమిది గంటలే ఉన్నాయి. రాత్రి పదకొండు దాకా స్లాబు పోసిన రోజున కూడా ఎనిమిదే. చట్టం ప్రకారం అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. కాగితం మీద అదనపు గంటలే లేకపోతే ఆ ప్రశ్నే రాదు.

ఈ తేడా ఎంతటిదో ఒక లెక్కతో చెబుతాను. నాలుగు వందలమంది నెలకు 26 రోజుల చొప్పున ఏడాది పనిచేశారనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలైతే 9,98,400 గంటలు, పది గంటలైతే 12,48,000 గంటలు. పని కోల్పోయిన గాయాలు మూడు ఉంటే మొదటి లెక్కలో రేటు 3.0, రెండవ లెక్కలో 2.4. మనిషీ అతడే, గాయమూ అదే, రేటు మాత్రం అయిదో వంతు తగ్గిపోయింది. సందర్శకులను కలిపి, రోజుకు పన్నెండు గంటలు వేసిన సైటు రేటు ఇంకెంత తగ్గుతుందో ఊహించవచ్చు.

నిజమైన గంటలు నాకు దొరికినది మేస్త్రీల జేబు పుస్తకాల్లో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ మేస్త్రీని నేను ముందు నుంచీ ఎరుగుదును. ఆయన దగ్గర అట్ట ఊడిపోయి, రబ్బరు బ్యాండు చుట్టిన పొడవాటి పుస్తకం ఒకటి ఉండేది. పేజీకి ఎడమవైపు ముఠాలోని మనుషుల పేర్లు, పైన తేదీలు, గళ్ళలో ఒకటి, ఒకటిన్నర, అర, అక్కడక్కడ రెండు. ఒక హాజరు అంటే ఎనిమిది గంటలు, ఒకటిన్నర అంటే పన్నెండు. "స్లాబు రోజు ఒకటిన్నర రాయకపోతే మర్నాడు ఎవడూ పనికి రాడు సార్, అందుకని ఈ పుస్తకంలో తప్పు ఉండదు" అన్నారాయన. ఆ మాట అక్షరాలా నిజం. కూలి డబ్బులు చేతికి అందేది ఆ పుస్తకాన్ని బట్టే కాబట్టి, మేస్త్రీ ఎక్కువ రాసినా తక్కువ రాసినా అదే వారం గొడవవుతుంది. అందువల్ల మస్టర్లను పక్కన పెట్టి, వారపు చెల్లింపుల్లోని హాజరులను కూడి ఎనిమిదితో గుణించాము. చదరపు అడుగుకు ఇంతని మాట్లాడుకునే ప్లాస్టరింగ్, పెయింటింగ్ ముఠాలకు హాజరు పుస్తకం ఉండదు. వారికి గేటులోకి వచ్చిన సమయం, వెళ్ళిన సమయం తీసుకుని, భోజన విరామం తీసివేశాము. సైటు ఆవరణలోనే ఉన్న లేబర్ క్యాంపులో బస చేసేవారు గేటు దాటరు కనుక వారి విషయంలో వారు పనిచేసే ఫ్లోరు సూపర్‌వైజరు డైరీయే దిక్కు. ఆఫీసు సిబ్బంది గంటలను తీసివేయలేదు గానీ వేరే వరుసలో చూపాము, ఎందుకంటే రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారి గంటలు కలిపితే పద్నాలుగో అంతస్తు అంచున రాడ్లు కట్టేవాడి ప్రమాదం పలుచబడి కనిపిస్తుంది.

ఇక పైన ఉండే సంఖ్య. చట్టం ప్రకారం మరణం సంభవించినా, గాయపడిన కార్మికుడు 48 గంటలు లేదా అంతకుమించి పనికి రాలేకపోయినా అధికారులకు నోటీసు పంపాలి. ఐఎస్ ప్రమాణం పని కోల్పోయిన గాయం వేరు, నోటీసు పంపవలసిన గాయం వేరు అని చెబుతుంది. ప్రమాదం జరిగిన షిఫ్టు దాటి పని చేయలేకపోతే చాలు, అది పని కోల్పోయిన గాయమే. మా సైట్లలో రెండు చోట్ల 48 గంటల గీత దాటినవాటినే లెక్కించారు, 4.8 వచ్చిన సైటులో మాత్రం మర్నాటి షిఫ్టుకు రాని ప్రతివారినీ లెక్కించారు. శనివారం సాయంత్రం చెయ్యి కోసుకుని, ఆదివారం సెలవు కాబట్టి ఇంట్లో ఉండి, సోమవారం వచ్చినవాడిని ఏం చేయాలి? ఆదివారం పని ఉండి ఉంటే చేయగలిగేవాడా అని డాక్టరును అడిగి, చేయలేడంటే లెక్కలో చేర్చాలని నిర్ణయించాము.

వివరాలు వెతికే క్రమంలో రిజిస్టర్ల కన్నా బిల్లులే ఎక్కువ చెప్పాయి. ప్రమాదాల రిజిస్టరులో ఒక్క నమోదూ లేని సైటుకు, ఒప్పందం ఉన్న ఆసుపత్రి నుంచి ఎక్స్‌రేలకూ సిమెంటు కట్లకూ కుట్లకూ బిల్లులు వచ్చాయి. ఎముక విరిగి కట్టు వేయించుకున్నవాడు మర్నాడు పనిచేశాడంటే ఎవరు నమ్ముతారు? హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసు చిల్లర ఖర్చుల వోచర్ల మధ్య, సికింద్రాబాదు నుంచి భువనేశ్వర్‌కు ఒకే ఒక్క రైలు టిక్కెట్టు, పక్కనే "మందుల ఖర్చు" అని రాసిన మరో కాగితం కనిపించాయి. ఆ తేదీకి ముందురోజు దాకా ఆ పేరు హాజరులో ఉంది, ఆ తరువాత లేదు. ఆ కుర్రవాడు మూడో అంతస్తు పరంజా నుంచి పడి భుజం ఎముక విరిగితే, కొంత డబ్బిచ్చి ఊరికి పంపించారని అతనితో కలిసి పనిచేసినవారు చెప్పారు. హాజరులో లేనివాడు పని కోల్పోయినవాడు ఎలా అవుతాడని సైటువారి వాదన. ఆ వాదన విన్నప్పుడు నాకు కలిగిన బాధను ఇక్కడ రాయకుండా ఉండలేను, ఎందుకంటే మా పట్టికలోని సున్నా అతని భుజం మీదే నిలబడి ఉంది.

మరో పద్ధతి ఇంతకన్నా మర్యాదగా కనిపిస్తుంది. కాలి వేళ్ళు నలిగిన ఒక రాడ్ బెండర్‌ను మర్నాడు ఉదయం క్యాంపు నుంచి ఆటోలో తెచ్చి, స్టోరు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, హెల్మెట్లు లెక్కపెట్టమని చెప్పి హాజరు వేశారు. నేను వెళ్ళేసరికి అతను కట్టు కట్టిన పాదాన్ని సిమెంటు సంచి మీద చాపుకుని నిద్రపోతున్నాడు. కూలి పోలేదు కాబట్టి అతనికి మేలే జరిగిందని, అది కాదనలేని మాటేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ అతను రాడ్లు వంచే పని చేయలేకపోయాడన్నది కూడా నిజమే. అమెరికా నమోదు పద్ధతిలో ఇటువంటివాటిని వదిలేయరు. పనికి రాని రోజులతో పాటు పరిమితమైన పని, వేరే పనికి బదిలీ కూడా ఒక లెక్కలో చేరుతాయి. ఆ పద్ధతినే తీసుకుని "తేలిక పనికి మార్చిన గాయాలు" అని ఒక నిలువు వరుస చేర్చాము. కూలి ఇవ్వడం మానకూడదు, గాయాన్ని లెక్కించడమూ మానకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది మే నెలలో జరిగిన ఒక మరణం గురించి. మధ్యాహ్నం రెండున్నరకు పైకప్పు మీద సెంట్రింగ్ పలకలు మోస్తూ ఒక కార్మికుడు కుప్పకూలాడు. సైటు కాగితాల్లో "గుండెపోటు, సహజ మరణం" అని ఉంది. ఎండలో బరువు మోస్తూ పడిపోయినవాడి మరణాన్ని వైద్య ఆధారం లేకుండా సహజమని రాయడం ఎంత తప్పో, ఆధారం లేకుండా ప్రమాదమని రాయడమూ అంతే తప్పని నా అభిప్రాయం. దానిని "కారణం తేలవలసిన మరణాలు" అనే వరుసలో ఉంచి, పోస్టుమార్టం నివేదిక వచ్చేవరకు ఆ సైటు పట్టికను ముగించరాదని పట్టుబట్టాము. గాయపడి ఆసుపత్రిలో చేరి తరువాత చనిపోయినవారి విషయంలో మాత్రం ఇటువంటి సందేహానికి తావు లేదు. 1998లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యాన గణాంక నిపుణుల మహాసభ చేసిన తీర్మానం ప్రకారం, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడాదిలోపు ఆ గాయం వల్ల సంభవించిన మరణం పనిలో మరణమే. అందుకని మార్చి 31తో లెక్క మూసివేయకుండా పాత ఏడాది వరుసను కూడా తెరిచి ఉంచుతున్నాము.

పైనా కిందా ఉన్న సంఖ్యలను ఈ విధంగా సరిచేశాక రెండు సున్నాలూ పోయాయి, 4.8 తగ్గింది. అప్పుడైనా వరుస పేర్చవచ్చా అంటే, పేర్చకూడదనే నా సమాధానం. ఒక సైటులో ఏడాదంతా స్ట్రక్చరు పనే, అంటే స్తంభాలు, స్లాబులు కట్టే పనే జరిగింది. మరొకచోట స్ట్రక్చరు ముగిసి టైల్సు, రంగులు, కిటికీల వంటి ఫినిషింగు పని నడిచింది. ఎత్తు నుంచి పడే అవకాశం రెండింటిలో ఒక్కటి కాదు. లెక్కకు అనువుగా సర్దిన అంకెలతో చెబుతాను. మొదటి సైటులో స్ట్రక్చరుకు పది లక్షల గంటలు, ఐదు గాయాలు. ఫినిషింగుకు పది లక్షల గంటలు, ఒక గాయం. రెండవ సైటులో స్ట్రక్చరుకు రెండు లక్షల గంటలు, రెండు గాయాలు. ఫినిషింగుకు 18 లక్షల గంటలు, మూడు గాయాలు. మొత్తం మీద మొదటిది 3.0, రెండవది 2.5 కాబట్టి రెండవదే మెరుగని అనిపిస్తుంది. విడదీసి చూస్తే స్ట్రక్చరులో మొదటిది 5, రెండవది 10. ఫినిషింగులో మొదటిది 1, రెండవది దాదాపు 1.7. అంటే రెండు రకాల పనుల్లోనూ వెనుకబడిన సైటు, మొత్తం లెక్కలో ముందు నిలిచింది! తక్కువ ప్రమాదం ఉన్న పని అక్కడ ఎక్కువగా జరగడమే దానికి కారణం. పని రకాన్ని బట్టి గంటలను విడదీయడం టైమ్ ఆఫీసు గుమాస్తాలకు అదనపు శ్రమే అయినా, ఆ శ్రమ లేకుండా చేసే పోలికకు అర్థం లేదు.

ఇందులోనే ఇంకొక చిక్కు ఉంది, దానిని మేనేజర్లకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. సమానమైన గంటలు పనిచేసిన రెండు సైట్లలో ఒకదానిలో ఐదు గాయాలు, మరొకదానిలో రెండు జరిగితే మొదటిది రెండున్నర రెట్లు ప్రమాదకరమని అందరూ వెంటనే అనేస్తారు. రెండు సైట్లూ సమానంగా ప్రమాదకరమే అనుకుని, ఆ ఏడు గాయాల్లో ఒక్కొక్కటి ఏ సైటులో జరుగుతుందో తేల్చడానికి ఒక నాణేన్ని ఏడుసార్లు ఎగరవేయండి. ఐదు బొమ్మలు రెండు బొరుసులు గానీ, రెండు బొమ్మలు ఐదు బొరుసులు గానీ, అంతకన్నా ఎక్కువ తేడా గానీ పడే అవకాశం 45 శాతం. నాణెంలో ఏ లోపమూ లేకపోయినా అలా పడుతుంది. అదేవిధంగా పది లక్షల గంటల్లో ఒక్క గాయమూ జరగలేదంటే ఆ సైటు అసలు రేటు సున్నా అని కాదు. మూడు వరకు ఉన్నా అటువంటి ఏడాది ఒకటి రావడం అసాధ్యమేమీ కాదు. అందుచేత ప్రతి రేటు పక్కన అది ఏ కనిష్ఠం నుంచి ఏ గరిష్ఠం దాకా ఉండవచ్చో రాసి, మూడేళ్ళ గంటలనూ గాయాలనూ కలిపి చూపాము. అలా చూపినప్పుడు ఐదు సైట్లలో నాలుగింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఐదవది మాత్రం స్ట్రక్చరు పనిలో నిజంగానే వెనుకబడి ఉంది.

సివియారిటీ రేటును పోలికకు వాడవద్దని కూడా సూచించాను. ఐఎస్ ప్రమాణం ఒక మరణానికి 6,000 పనిదినాలు పోయినట్టు లెక్కగడుతుంది. అంటే ఏడాదికి 300 రోజుల చొప్పున 20 ఏళ్ళ పని. ఆ ఒక్క సంఖ్య వచ్చి చేరితే, మిగిలిన విరిగిన చేతులూ నలిగిన వేళ్ళూ దాని పక్కన లెక్కలోకే రావు. మరణాలను రేటుగా మార్చకుండా ఎన్ని, ఎలా జరిగాయో విడిగా రాయడమే సరైనదని నేను నమ్ముతాను.

పట్టిక సమర్పించిన రోజున, విదేశాలతో పోలిస్తే మనం ఎక్కడ ఉన్నామని యాజమాన్యం అడిగింది. బ్రిటన్‌లో నిర్మాణరంగ మరణాల రేటు ఇటీవలి ఏళ్ళలో లక్షమందికి సుమారు 2, అమెరికాలో 9 నుంచి 10. ఈ రెండింటినీ సూటిగా పోల్చడానికి కూడా వీలు లేదని చెప్పాను. అమెరికా లెక్కలో పనిమీద వెళుతూ రోడ్డు ప్రమాదంలో మరణించినవారు ఉంటారు, బ్రిటన్ లెక్కలో సాధారణంగా ఉండరు. గాయాల విషయంలో బ్రిటన్ 2012 నుంచి, నిర్దేశించిన తీవ్ర గాయాలు కానివాటిని ఏడు రోజులకు మించి పని చేయలేకపోతేనే నివేదించమంటుంది, ఐరోపా సమాఖ్య గణాంకాలకు గీత మూడు రోజులకు పైన, మనకు 48 గంటలు. పైగా మూడువేలమంది పనిచేసే సంస్థలో ఏడాదికి ఒక్క మరణం జరిగినా రేటు లక్షకు 33 అవుతుంది, జరగకపోతే సున్నా. ఒక దేశపు రేటుతో ఒక సంస్థ తన ఒక్క ఏడాదిని పోల్చుకుని గర్వపడడానికీ కుంగిపోవడానికీ ఆధారం లేదు.

ఆ ఏడాది బహుమతి ఇవ్వలేదు. మేనేజర్ల మదింపు నుంచి గాయాల రేటును తీసివేసి, దాని స్థానంలో పరంజాల తనిఖీ, స్లాబు అంచుల కంచెలు, గాయాన్ని 24 గంటల్లోపు నమోదు చేయడం అనే మూడు అంశాలను పెట్టారు. తరువాతి నెలల్లో నమోదైన గాయాలు పెరిగాయి, ముఖ్యంగా ఇదివరకు సున్నా చూపిన సైట్లలో. అలా పెరగవచ్చని ముందే లిఖితపూర్వకంగా చెప్పి ఉంచినందువల్ల ఎవరినీ మందలించలేదు. స్ట్రక్చరులో వెనుకబడిన సైటులో గాయాల కారణాలను ఒక్కొక్కటిగా చూస్తే, ఎక్కువ భాగం సెంట్రింగ్ విప్పే సమయంలోనే జరిగాయి. అక్కడ రాత్రిపూట సెంట్రింగ్ విప్పడం ఆపివేశారు.

ఊరికి వెళ్ళిపోయినవారి సంగతి ఇంకా పూర్తిగా కుదరలేదు. గాయపడిన ప్రతి వలస కార్మికుడి ఫోన్ నంబరుతో పాటు ఇంట్లో మరొకరి నంబరు కూడా టైమ్ ఆఫీసు తీసుకుంటోంది. నెలకొకసారి ఒడియా, హిందీ మాట్లాడగల గుమాస్తా ఫోన్ చేసి, పనికి వెళ్ళగలుగుతున్నారా, నష్టపరిహారం అందిందా అని అడిగి రాసుకుంటాడు. చాలామంది నంబర్లు మార్చేస్తారు. దొరకనివారి గాయాన్ని ముగిసినట్టు రాయకుండా "సమాచారం లేదు" అని ఉంచి, వారి మేస్త్రీ మళ్ళీ ముఠాను తీసుకువచ్చినప్పుడు అడుగుతున్నాము.